తొంభై నాలుగో కిలోమీటరు బంతితోట

మొదటి చుట్టు. సోమవారం.

ముందు ఒక దిద్దుబాటు, మందాకినీ. "వలయం మీద ఏడు చుట్లు తిరుగు అమ్మమ్మా, చక్రవరం మొత్తం నీకు తెలిసిపోతుంది" అన్నావు మొన్న ఫోన్‌లో. తెలియదు. రంగులరాట్నం ఎక్కినవాడికి జాతర గురించి ఏం తెలుస్తుందో అంతే తెలుస్తుంది: తల తిరుగుతుంది, చుట్టూ జనం ఉన్నట్టనిపిస్తుంది, దిగాక చెప్పులెక్కడ విడిచామో గుర్తుండదు. నూట పన్నెండు కిలోమీటర్ల రోడ్డు ఊరి చుట్టూ తిరుగుతుందే తప్ప ఊళ్ళోకి ఒక్కసారి కూడా తొంగిచూడదు. పందిరి బయట నిలబడి ఎంగిలి విస్తళ్ళు లెక్కపెట్టి, పెళ్ళికూతురు లక్షణంగా ఉందని చెప్పొచ్చే చుట్టం లాంటిది.

అయినా తిరుగుతున్నాను. సముద్రం మా రేవుపర్రును మింగేశాక నాకు మిగిలిన ఊరు ఇదే. కార్డు లేనివాళ్ళకి ఇక్కడ డాక్టరు నాడి కూడా పట్టుకోడు. ఏడు చుట్లు పూర్తిచేసి "నగరం నాకు పరిచయమైంది" అని సంతకం పెడితే గాని ఆ కార్డు రాదు, అందాకా ఈ కొత్తవాళ్ళ వసతిలోనే పడుండాలి. మీ ఆఫీసువాళ్ళు ఇచ్చిన చుట్ల పుస్తకంలో అభిప్రాయానికి మూడే గళ్ళున్నాయి: బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. నాకు చోటు చాలలేదు. అందుకే ఈ నోటుపుస్తకం. ఇంట్లో చదువు, ఆఫీసులో కాదు.

బండి సంగతి. స్టీరింగు ఉంది గాని, కొత్త మిక్సీకి తొడిగినట్టు దానికి గలీబు తొడిగారు. బండే నడుస్తుంది, బండే మాట్లాడుతుంది. సీటు ముందు చిన్న గాజు కన్ను ఉంది. ఎవరు దేన్ని ఎంతసేపు చూశారో అది లెక్కేస్తుందనీ, ఆ చూపుల లెక్కను బట్టే మీ దృష్టి విభాగం ఊళ్ళో దేనికెన్ని నీళ్ళో తేలుస్తుందనీ నువ్వే గొప్పగా చెప్పావు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఫౌంటెను ఎందుకంత ఎత్తుకు ఎగురుతోందో అప్పుడు అర్థమైంది. ఎగిరే నీళ్ళని జనం చూస్తారు. చూశారు గనక నీళ్ళిస్తారు. ఇచ్చారు గనక ఎగురుతాయి. ఇంత గుండ్రటి తెలివి రింగురోడ్డు కట్టుకున్న వాళ్ళకే వస్తుంది.

నాకు ఈ ఊళ్ళో కావలసింది ఒకే ఒక్క మనిషి. గవరమ్మ. రేవుపర్రు ఆడపిల్లల కాలేజీలో నేను బోటనీ చెప్పిన ముప్ఫై రెండేళ్ళూ మా లాబ్‌లో అటెండరు. కాలేజీ తోట పెంచింది కూడా ఆవిడే, పేరు మాత్రం నాకొచ్చింది. నీళ్ళు ఊళ్ళోకి వచ్చే ముందురోజు ఆవిడ పేటవాళ్ళందరినీ లారీలెక్కించారు. ఆ తర్వాత ఏ జాబితాలోనూ ఆ పేరు లేదు.

బండినే అడిగాను. "రేవుపర్రు వాళ్ళని ఎక్కడ ఉంచారమ్మా?"

"ఆ పేరుతో చక్రవరంలో ఏ ప్రాంతమూ లేదు. దయచేసి ఎడమవైపు చూడండి. తొంభై నాలుగో కిలోమీటరు. మన నగర బంతితోట" అంది.

చూశాను. కనుచూపు మేర నారింజ రంగు. బండిలోవాళ్ళంతా ఆహా అన్నారు. ఒక తెల్ల కొంగ వచ్చి గట్టు మీద వాలింది.

రెండో చుట్టు. మంగళవారం.

అదే కొంగ. అదే గట్టు. వాలాక రెండుసార్లు రెక్క విదిలించింది, నిన్నటిలాగే.

ఆ తర్వాత పూలు చూశాను, ఈసారి ఆహా అనకుండా. ఒక్క మొక్క వాడలేదు. ఒక్క ఆకుకి మచ్చ లేదు. రోహిణి కార్తె ఎండలో అన్ని మొక్కలూ పెరేడ్‌లో పిల్లల్లా ఒకే ఎత్తున నిలబడ్డాయి. ముప్ఫై రెండేళ్ళు ప్రాక్టికల్స్ చేయించినదాన్ని. తెగులు లేని తోట దేవుడు కూడా వేయలేడు, మీ ఆఫీసు వేసిందంటే నమ్ముతానా? కిటికీ అద్దం మీద బొమ్మ ఆడిస్తున్నారు. ఎందుకు ఆడిస్తున్నారో తెలియదు గాని, లేని తోటని చూపించి నా చూపు దొంగిలిస్తున్నారన్నది మాత్రం తెలిసింది.

నలభయ్యో కిలోమీటరు దగ్గర టీ తాగడానికి ఆపుతారు కదా, మూడు వందల మంది కొత్తవాళ్ళు అక్కడే పోగవుతారు. చుట్టు పూర్తయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్ళి, వాళ్ళ మధ్య నిలబడి క్లాసు తీసుకున్నాను. కొంగతో సహా. రిటైరైన డిప్యూటీ తాసిల్దారు కామేశం గారు వెంటనే కుర్చీ మీదెక్కారు. ఎక్కడానికి కుర్చీ దొరకాలే గాని ఆయనకి విషయం ఏదైనా ఒకటే.

"లెక్చరరు గారు కళ్ళు తెరిపించారు! అంచేత మనం కళ్ళు మూసుకుందాం! రేపట్నించి తొంభై నాలుగు రాగానే అందరూ కళ్ళు మూయండి. అబద్ధానికి మన చూపు వేయం!"

చప్పట్లు. నాకూ ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. చదువుకున్నదానివల్ల నలుగురికి మేలు జరిగిందనుకుని ఆ పూట రెండు టీలు తాగాను.

మూడో చుట్టు. గురువారం.

చేత్తో బండి నడపడం ఎవరికీ రాదన్నావు. ఇది రెండో దిద్దుబాటు. పాత లైసెన్సున్న డెబ్బై ఏళ్ళ పైబడినవాళ్ళు ఇప్పటికీ నడపొచ్చు. ఆ నిబంధన తీసేయడం మీవాళ్ళు మర్చిపోయారు, ఎలాగూ అందరం పోయుంటాం అనుకున్నారేమో. వసతి మేనేజరుకి ఆ పేజీ చూపించాను. ఆయన చదివి, తిరగేసి, మళ్ళీ చదివి, చివరికి గలీబు ఊడదీశాడు.

చేత్తో నడిపేటప్పుడు అద్దాల మీద బొమ్మలు ఆడవు. డ్రైవరుకి నిజం రోడ్డు కనపడాలి కదా. ఇంకో విశేషం, గాజు కన్ను మూతపడుతుంది. ఈ ఊళ్ళో నిజం చూసేవాళ్ళ చూపు లెక్కలోకి రాదు.

తొంభై నాలుగు. తోట లేదు. గట్టు కింద నలభై రేకుల షెడ్లు, వాటి మీద నీలం పట్టాలు, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు, మధ్యలో ఒక లావు పైపు. పైపు దగ్గర బిందెల వరస. వరస చివర నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరినో కేకలేస్తున్న మనిషి. ఆ నిలబడే తీరు ముప్ఫై రెండేళ్ళు చూశాను. బండి గట్టు వారకు తీసి హారను కొట్టాను.

గవరమ్మ గట్టెక్కి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మేడమ్ గారా? ఇంకా బతికే ఉన్నారేటి?"

"నువ్వు ఉన్నావో లేదో చూసి పోదామని ఆగాను. ఇక్కడేదో బంతితోట ఉందంటున్నారే?"

"ఉంది గదండి. ఆ తోటేటంటే మేవే." నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. "పైన బండిలోవోల్లు పువ్వుల్ని సూత్తారు. పువ్వులకని నీల్లొదుల్తారు. ఆ పైపు మా గుమ్మాల కాడ తెరుసుకుంటాది. నలభై ఇల్లోలం అయ్యే తాగుతన్నాం, అయ్యే వొండుకుంటన్నాం."

"మీరిక్కడ ఉన్నారని ఆఫీసుకి చెప్పుకోవచ్చు కదా?"

"పక్క పేటోల్లు సెప్పుకున్నారండి. మర్నాడే లారీలొచ్చినాయి. మడుసులున్నారంటే లేపేత్తారు, పువ్వులున్నాయంటే నీల్లు పోత్తారు. మాకు పువ్వులవడమే బాగుంది మేడమ్ గారూ."

కిటికీ అద్దం పూర్తిగా దించి పైపుకేసి చూశాను.

"ఆ బాగోతం కూడా అయిపోనాది" అంది మళ్ళీ. పైపు పక్కన చిన్న డబ్బా ఉంది, దాని మీద అంకె వెలుగుతుంది. తోటని జనమంతా కలిపి రోజుకెన్ని గంటలు చూశారో ఆ అంకె. "అరవై ఉండీది. నిన్న తొమ్మిదికి దిగిపోనాది. ఇయాల సగం నీల్లే. ఆదివారానికి వారం లెక్క నాలుగొందలు నిండకపోతే పైపు పూర్తిగా కట్టీత్తారంట. ఎవులో దిక్కుమాలినోల్లు బండిలో కల్లు మూసుకుంటన్నారని లైనుమన్ను సెప్పినాడు. పచ్చి బాలింతలిద్దరున్నారండి మా కాడ. ఆల్ల కల్లు పేలిపోను!"

ఆ దిక్కుమాలినవాళ్ళకి పాఠం చెప్పిందెవరో నేను ఆవిడ మొహం చూస్తూ చెప్పలేకపోయాను. స్టీరింగు పట్టుకుని, రోడ్డుకేసి చూస్తూ చెప్పాను.

గవరమ్మ పైపు పక్కన అంకెకేసి ఓసారి చూసింది. తర్వాత, "మీకు మొదట్నించీ సదువెక్కువండి" అంది. అంతే. కొంగు బిగించి గట్టు దిగిపోయింది.

నాలుగో చుట్టు. శుక్రవారం.

గవరమ్మ చెప్పిన లైనుమన్నుని రోజూ ఫోన్‌లో అడుగుతున్నాను: వారం లెక్క ఇప్పటికి నూట ముప్ఫై ఎనిమిది. మూడు రోజుల్లో రెండొందల అరవై పైచిలుకు గంటల చూపు కావాలి, లేని పూల కోసం. కారణం బయటపెట్టడానికి వీల్లేదు. కామేశం గారికి నిజం చెబితే ఎనిమిది ప్రతులు తీసి ఎనిమిది ఆఫీసులకి పంపుతారు, తొమ్మిదోది ఫ్రేము కట్టిస్తారు. మర్నాడు లారీలొస్తాయి.

టీ దగ్గర మొదలెట్టాను. "కామేశం గారూ, ఇవాళ్టినుంచి కళ్ళు తెరుద్దాం."

"అదేమిటమ్మా! మంగళవారం లేని తోట శుక్రవారానికి మొలిచిందా?"

"మొలిచింది. నేల మంచిది."

"కొంగో?"

"కొంగ కూడా మంచిదే. తొందరపడి మాటన్నాను."

ఆయన జనం వైపు తిరిగి, "చూశారా? పెద్దావిడని కూడా కొనేశారు" అన్నారు, చాలా బాధపడుతున్నట్టు. మూడు వందల మంది నన్ను జాలిగా చూశారు. ఆ చూపుల్ని గాజు కన్ను లెక్కేసుంటే నాకో ఫౌంటెను వచ్చేది.

నిజం చెప్పినప్పుడు ఒక్క పూటలో నమ్మారు. అబద్ధం చెబుతుంటే ఆధారాలు అడుగుతున్నారు. వీళ్ళు తలకిందులుగా చదువుకున్నారు, లేదా నేనే మరీ బాగా చెప్పి చచ్చాను.

సాయంత్రం అంకె పదకొండు. నేనొక్కదాన్నీ ఆటోమేటిక్ బండిలో కూర్చుని రెప్ప వేయకుండా చూస్తే ఎంతని చూస్తాను? బండి ఆ తోట దాటడానికి పట్టేది పన్నెండు నిమిషాలు.

ఐదో చుట్టు. శనివారం.

ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను, అయినా రాస్తున్నాను.

పొద్దున కామేశం గారి భార్య సుభాషిణి గారి పక్కన కూర్చున్నాను. ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకండి. తొంభై నాలుగు దగ్గర తెల్ల కొంగ వాలేవేళకి తోటవైపు కళ్ళార్పకుండా చూసినవాళ్ళకి కార్డు తొందరగా వస్తోందట" అన్నాను.

"నిజమా అండీ? మొత్తం తోట చూడాలా, కొంగనేనా?"

"తోట మొదలు నుంచి చివరిదాకా. మధ్యలో చూపు తిప్పితే మళ్ళీ మొదటికొస్తుందట. వీలైతే రోజుకి మూడుసార్లు."

ముప్ఫై రెండేళ్ళు ఆడపిల్లలకి సైన్సు చెప్పి, గ్రహణం రోజున లాబ్‌లో అందరిచేతా ఉప్మా తినిపించినదాన్ని నేను. ఆ గొంతుతోనే ఈ మాటన్నాను. పుకారుకి కొలతలు కూడా నేనే ఇచ్చాను, అది ఇంకా అన్యాయం.

ఎవరితోనూ అనకండి అన్నందుకు మధ్యాహ్నానికల్లా మొత్తం వసతికి తెలిసింది. రెండో ట్రిప్పుకి సీట్లు చాలక అదనంగా బండ్లు వేశారు. మూడో ట్రిప్పులో జనం ఎడమవైపు కిటికీల కోసం తోసుకున్నారు. కామేశం గారు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి కూర్చున్నారు. మూసింది సిద్ధాంతం కోసమట, తెరిచింది సుభాషిణి గారి కోసం.

ఈ ఒక్కరోజు అంకె నూట డెబ్బై.

ఆరో చుట్టు. సోమవారం.

నిన్న నువ్వు వచ్చి చెప్పింది నీకే మళ్ళీ రాస్తున్నాను. ఏడుస్తూ చెప్పావు. ఏడుస్తూ చెప్పినవాళ్ళకి తామేం చెప్పారో గుర్తుండదు.

వారం లెక్క ఐదొందల యాభై దాటిందన్నావు. పైపు నిండుగా వస్తోంది. అక్కడితో నేను చేతులు దులుపుకుందామనుకున్నాను. నువ్వు మాత్రం మంచం పట్టె మీద కూర్చుని లేవలేదు.

"ఆ తోట వేసింది నేనే అమ్మమ్మా" అన్నావు. "ఉద్యోగంలో చేరిన రెండో వారం. అక్కడ ఉత్త బంజరుందనుకుని అద్దం మీద గోడ బొమ్మ పెట్టమన్నారు. గోడని ఎవరూ చూడరు. గోడకి నీళ్ళివ్వరు. అందుకని పూలు పెట్టాను."

"కింద గవరమ్మ ఉందని తెలుసా?"

"పేర్లు తెలీదు. నలభై పొయ్యిలున్నాయని తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు చెబితే నువ్వు నలుగురికి పాఠం చెబుతావు."

చెప్పాను కదా మరి. ఈ వారమంతా నిన్ను కిటికీలకి బొమ్మలంటించే ఉద్యోగిని అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఒక్క మాటే. నీ జుట్టు గురించి అన్నవి అలాగే ఉంటాయి.

అసలు సంగతి తర్వాత చెప్పావు. లెక్క అంత ఎగిరేసరికి మీ డైరెక్టరు కంట పడింది. నగరంలోకెల్లా జనం ఎక్కువ చూసిన తోట ముందు నిలబడి ఫోటో తీయించుకోవాలని ఆయనకి బుద్ధి పుట్టింది. గురువారం పొద్దున పది గంటలకి వస్తున్నాడు. ఆ తోట ఆయన ఎప్పుడూ అద్దంలోంచే చూశాడు, అది నిజంగా ఉందనే అనుకుంటున్నాడు. తన ఆఫీసు చెప్పే అబద్ధాలు తనే నమ్మేవాణ్ణి డైరెక్టరు చేయడం ఈ ఊరికే చెల్లింది. వచ్చి, గట్టు మీద దిగి, షెడ్లు చూస్తే సాయంత్రానికి లారీలు.

నేను కళ్ళు మూయిస్తే పైపు కట్టబోయారు. తెరిపిస్తే మనుషుల్నే ఎత్తేసేలా ఉన్నారు. నా మేలు ఏ వైపు నుంచి చేసినా గవరమ్మ నెత్తికే తగులుతోంది.

ఏడో చుట్టు. మంగళవారం.

మళ్ళీ చేత్తో నడిపాను. గట్టు మీద ఆపి గవరమ్మని పిలిచి అంతా చెప్పాను. ఈసారైనా తిట్టి పోస్తుందనుకున్నాను. ఆవిడ చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపి, గట్టు వారన అడుగులు కొలుచుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"మన కాలేజీకి యూనివర్సిటీవోల్లు ఇనస్పెక్షనుకి వొచ్చీవోరు, గేపకం ఉందాండి? బొటానికల్ గార్డెన్ ఉండాలనీవోరు. మనకేటుండీది? రెండు కరివేప సెట్లు, ఒక ఎండు రోజా."

"ఉంది." నాకు నవ్వొచ్చింది. ప్రతి మూడేళ్ళకీ నర్సరీ నుంచి రెండు వందల కుండీలు అద్దెకి తెచ్చి ఆవిడ వరసలు పేరిస్తే, నేను లాటిన్ పేర్లు రాసిన అట్టముక్కలు గుచ్చేదాన్ని. యూనివర్సిటీవాళ్ళు మెట్ల మీద నిలబడి చూసి, జీడిపప్పు ఉప్మా తిని వెళ్ళిపోయేవారు. ఒక్కడంటే ఒక్కడు మెట్లు దిగి ఏ మొక్కనీ ముట్టుకోలేదు.

"ఈయనా దిగడండి" అంది గవరమ్మ. "గట్టంతా రేగడి. పొద్దున్నే పైపు ఒదిలీసి తడిపీత్తాను. బూట్లకి బురదని ఎనక్కే నిలబడతాడు. అక్కడ నిలబడ్డోడికి అరవై అడుగులు కనపడితే సాలు. మూడు వరసలు. ఎనకాల షెడ్లకి మా సేపల వలలు కట్టీసి తీగలు పాకించీత్తాం, పచ్చగా కనపడతాది."

"రోహిణి ఎండకి మొక్కలు మూడో రోజుకి ఉండవు."

"ఫొటోకి మూడో రోజు దాకా ఎందుకండి?"

ముప్ఫై రెండేళ్ళు తోట పేరు నాకెందుకొచ్చిందో, పని ఆవిడకెందుకొచ్చిందో అప్పుడు పూర్తిగా తెలిసింది. లాటిన్ పేర్ల అట్టలు ఈసారి కూడా నేనే రాస్తానన్నాను. ఆవిడ ఒప్పుకుంది, పిల్లల్ని ఆడించడానికి ఒప్పుకున్నట్టు.

తిరిగొచ్చి కార్డు ఆఫీసులో కూర్చున్నాను. ఎదురుగా ఒక అమ్మాయి, నీ వయసుదే. "తొంభై నాలుగో కిలోమీటరు దగ్గర ఏం చూశారమ్మా?" అంది. "బంతితోట" అన్నాను. "బాగుందా?" అంది. "దాన్ని పెంచినవాళ్ళు నాకు తెలుసు" అన్నాను. అది ప్రశ్నకి జవాబు కాదు, అయినా రాసుకుంది. నగరం నాకు పరిచయమైందని సంతకం పెట్టాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. రేపు మధ్యాహ్నం సెలవు పెట్టు, కారణం అమ్మమ్మకి ఆరోగ్యం బాగోలేదని చెప్పు. పదహారో గేటు బయట నర్సరీ ఉంది, బోర్డు లేదు, వేపచెట్టుకి కుండీలు వేలాడదీసి ఉంటాయి. ముద్దబంతి మొక్కలు నూట ఎనభై తీసుకో. నారు ఇస్తానంటాడు, వద్దను. మొగ్గ విచ్చినవి కావాలి, నల్ల సంచుల్లో ఉన్నవి. నారింజ రంగే, పసుపు కలపనివ్వకు. కొన్ని పొట్టివి, కొన్ని వాడినవి కూడా ఏరు, అన్నీ ఒకే ఎత్తుంటే నాలాంటిది ఎవరైనా పట్టుకుంటుంది. బండి వెనక నిలబెట్టి పేర్చు, పడుకోబెట్టకు. పైన తడి గోనెలు కప్పు. తొంభై నాలుగు దగ్గర గట్టుకి మెట్లు లేవు, దిగడానికి చూడకు, జారతావు. పైనే నిలబడి హారను రెండుసార్లు కొట్టు. గవరమ్మ వస్తుంది. సంచులు చింపొద్దని చెప్పు, సంచితోనే గుంటలో దింపితే వేరు కదలదు. చెప్పకపోయినా ఆవిడకి తెలుసు. అయినా చెప్పు, నేను చెప్పమన్నానని.